దోమరాణి కథకు వంత

ఉక్కునగరం, విశాఖపట్నం
జులై, రెండో శనివారం

గౌరీ,

ఈ ఉత్తరం నీ చేతికి రాకముందు మీ వార్డెన్ చేతికి వెళుతుందని మీ అమ్మ చెప్పింది. కాబట్టి ముందు ఆవిడకి నమస్కారం. వార్డెన్ గారూ, ఇందులో ఏమీ లేదండీ, అంతా మా బుర్రకథ గోల. చదివేసి దానికి ఇచ్చేయండి.

ఇక నీ సంగతి. హాస్టల్లో ఫోన్లు ఉండవట, ఆదివారం అమ్మానాన్నలతో మాత్రం మాట్లాడనిస్తారట. నేను మీ అమ్మనీ కాను, నాన్ననీ కాను. కనుక ఉత్తరాలే గతి. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో ఉన్నాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా, ఉజ్జోగానికి అప్లికేషనా?" అన్నాడు. స్నేహితురాలికి ఉత్తరం అంటే నమ్మలేదు పాపం.

ఇవాళ క్లబ్బుల రోజు. ప్రతి ఏడూ లాగే ప్రేయర్ అయ్యాక టీచర్లు అట్టల మీద క్లబ్బుల పేర్లు రాసుకుని గ్రౌండులో నిలబడ్డారు. ఎవరికి నచ్చిన అట్ట వెనక వాళ్ళు వరస కట్టాలి. సైన్సు క్లబ్బు వెనక గేటు దాకా వరస. డిసెంబర్లో వాళ్ళని ఎక్కడికో టూరు తీసుకెళతారని పుకారు. ఎకో క్లబ్బు వెనక ఓ మాదిరిగా ఉన్నారు. మన జానపద కళల క్లబ్బు అట్ట మన తెలుగు మాస్టారు, సీతారామాంజనేయులు గారు, స్వయంగా పట్టుకున్నారు. ఆయన వెనక నేనూ, ఉదయ్‌కుమారూ. అంతే.

పోయినేడు కోలాటం పిల్లలు, తప్పెటగుళ్ళ పిల్లలు, మన బుర్రకథ ముగ్గురం, ఎంత సందడిగా ఉండేవాళ్ళమే! మీ నాన్నలాగే వీఆర్ఎస్ తీసుకుని ఊళ్ళకి వెళ్ళిపోయిన వాళ్ళ పిల్లలందరూ మన క్లబ్బులోనే ఉండేవాళ్ళని నాకు ఇవాళే తెలిసింది. హెడ్మిస్ట్రెస్ గారు మా వైపు చూసి, "ముగ్గురైనా లేకపోతే అది క్లబ్బేమిటండీ, ఎకో క్లబ్బులో కలిపేద్దాం" అన్నారు. మాస్టారు తడుముకోకుండా, "ముగ్గురున్నారండి. ఒకమ్మాయి సెలవులో ఉంది" అన్నారు. ఆ సెలవులో ఉన్న అమ్మాయివి నువ్వే.

వచ్చే ఏడు మన బడిని ఇంకో సెక్టారులో బడితో కలిపేస్తారని అందరూ అంటున్నారు. అంటే ఫిబ్రవరిలో జరిగేదే మన బడికి ఆఖరి వార్షికోత్సవం. మాస్టారు డెంగ్యూ మీద మనం చెప్పే దోమరాణి కథే వెయ్యమన్నారు. మధ్యలో తంబురాతో కథ చెబుతూ నేను, వంతలుగా కుడివైపు రాజకీయం చెప్పడానికి ఉదయ్‌కుమార్, ఎడమవైపు గుమ్మెట వాయిస్తూ హాస్యానికి నువ్వు. నువ్వు లేకుండా నేను స్టేజీ ఎక్కను. ఫిబ్రవరికి వస్తానని మాట ఇవ్వు. మామూలు మాట కాదు, రాసి ఇవ్వు.

మీ క్వార్టర్లోకి ఇంకా ఎవరూ రాలేదు. బడి నుంచి వస్తూ అలవాటు కొద్దీ మీ గేటు దాకా వెళ్ళి, తాళం చూసి వెనక్కి వచ్చాను. ఒకసారి కాదు, చాలాసార్లు.

నీ కథకురాలు,
రోజారమణి


బాలికల హాస్టలు, ఎలమంచిలి
ఆగస్టు, పంద్రాగస్టు మర్నాడు

కథకురాలా,

వార్డెన్ గారు నీ నమస్కారం అందుకున్నారు. "ఎవరే ఈ పిల్ల, నోరు పెద్దదిలా ఉంది" అని నవ్వి కవరు నా చేతికి ఇచ్చారు. నేను ఇక్కడికి వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఇక్కడ అన్నిటికీ గంటే. లేవడానికి గంట, తినడానికి గంట, చదవడానికి గంట. ఏడవడానికి మాత్రం గంట లేదు, అందుకని ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు ఏడుస్తారు. నేను బట్టలు ఉతికేటప్పుడు ఏడుస్తాను. కుళాయి చప్పుడులో ఎవరికీ వినపడదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, అమ్మకి అసలే చెప్పకు.

నా పేరు ఇక్కడ గౌరీశ్వరి కాదు, "స్టీల్ ప్లాంట్ గుంట". నా పక్క మంచం పిల్ల సూర్యకళ. వాళ్ళది పూడిమడక, వాళ్ళ నాన్న దాలయ్య గారు చేపల వేటకి వెళతారు. మొదటిరోజు నేను చేప ముళ్ళు తియ్యలేక అవస్థ పడుతుంటే, "ఏటే, సముద్రం పక్కన పుట్టి సేప తినడం రాదా నీకు?" అని నా కంచం లాక్కుని ముళ్ళన్నీ తీసి ఇచ్చింది. మంచిదే. కానీ అది నువ్వు కాదు.

ఇక్కడా బుర్రకథ ఉందే! క్లబ్బు చూసే నీలిమ మేడమ్ చెబుతారు. సూర్యకళే కథకురాలు. గొంతు ఎంత పెద్దదంటే వంటగదిలో వాళ్ళు కూడా పని ఆపి వింటారు. వాళ్ళకి ఒక వంత తక్కువైంది. మేడమ్ నన్ను అడిగారు. నేను ఇంకొకరికి వంతని అని చెప్పేశాను. మేడమ్ విచిత్రంగా చూశారు. పైగా వాళ్ళ పద్ధతి మనలా కాదు. కథకురాలు మాట పూర్తిగా ముగించాలి, ఒక తాళం ఆగాలి, అప్పుడు గాని వంత అందుకోకూడదు. మనకేమో మాస్టారు చివరి అక్షరం గాలిలో ఉండగానే దాని మీద పడమని నేర్పారు కదా. వాళ్ళు ఆగిన ప్రతిసారీ నాకు కూర్చున్న చోట చేతులు ఆగడం లేదు.

ఫిబ్రవరికి వస్తాను. ఇదిగో రాసి ఇస్తున్నాను: గౌరీశ్వరి అను నేను వార్షికోత్సవం నాడు రోజారమణికి ఎడమవైపు నిలబడతాను. సాక్షి సంతకం సూర్యకళ పెట్టింది, చూడు.

నీ వంత,
గౌరి


ఉక్కునగరం
సెప్టెంబరు ఆఖరు

గౌరీ,

నీ ప్రమాణపత్రం అందింది. తంబురా బుర్ర మీద అంటిద్దామనుకున్నాను, మాస్టారు తిడతారని ఊరుకున్నాను.

వినాయకచవితికి ఎకో క్లబ్బు వాళ్ళు మట్టి వినాయకుల్ని చేశారు. ఆ తర్వాత డెంగ్యూ వారంలో మన కథే. సెక్టారు సెక్టారుకీ తిరిగి దోమరాణి చెప్పాం, నేనూ ఉదయూ. "మూత లేని తొట్టిలోన ముత్యాల కొలువు తీరి" అని నేను అనగానే, నువ్వు "ఓలప్పా, ఆ రాణీగారు మా ఇంటి కూలర్లో అద్దెకుంటన్నాది, అద్దె మా రక్తమే!" అంటావే, అక్కడ జనం నవ్వడానికి సిద్ధంగా నోళ్ళు తెరుచుకుని చూశారు. ఉదయ్ ఆ మాట చెప్పాడు. వాడి మొహంలో హాస్యం ఎక్కడుంది చెప్పు? కుళాయి బిల్లు చదివినట్టు చదివాడు.

ఇప్పుడు ఆ ఉదయ్ కూడా లేడు. పోయిన వారం వాళ్ళ నాన్నగారు రాజమండ్రిలో ఏదో కంపెనీలో చేరారు. సామాన్ల లారీ బడి ముందు నుంచే వెళ్ళింది. వాడు పైన మంచాల మధ్య కూర్చుని చెయ్యి ఊపాడు.

నువ్వు కంగారుపడతావని వెంటనే ఇంకో సంగతి చెబుతున్నాను. కొత్త పిల్ల చేరింది. పేరు కాసులమ్మ. కంచరపాలెం నుంచి వచ్చింది, వాళ్ళ నాన్నకి ఇక్కడ కాంట్రాక్టు పని. పాత కాలం పేరు అని క్లాసులో నవ్వారు గానీ, గుమ్మెట పట్టిందంటే అందరి నోళ్ళూ మూతపడ్డాయి. వేళ్ళు కనపడవే! మాస్టారు, "గౌరి కంటే గట్టిగా వాయిస్తోందే" అన్నారు కూడా. చాలా సరదా మనిషి. రోజూ మధ్యాహ్నం నాతోనే తింటుంది.

నీ చోటు నీదేలే. కాసులమ్మని కుడివైపు నిలబెడతాను. నువ్వు మాత్రం మాట తప్పకు, లేకపోతే ఎడమవైపు కూడా తనే వాయించేస్తుంది!

రోజా


ఎలమంచిలి
అక్టోబరు

రోజాకి,

ఉత్తరం అందింది. కాసులమ్మ గట్టిగా వాయిస్తుందని తెలిసి సంతోషం.

గుమ్మెట గట్టిగా వాయించడం గొప్ప కాదని మాస్టారే మనకి చెప్పేవారు. ఇప్పుడు ఆయన అభిప్రాయం మారినట్టుంది. నాతో తినేదానివి కదా, ఇప్పుడు ఆవిడతో తింటున్నావు. మంచిదే, ఒక్కదానివే తినడం కంటే అదే నయం.

నేనూ ఒక సంగతి చెప్పాలి. సూర్యకళ జట్టులో చేరాను. మేడమ్ మళ్ళీ అడిగారు, సరేనన్నాను. ఇక్కడి తాళం అలవాటు కావడానికి మొదట కష్టమైంది, నేను ముందే పడిపోతుంటే సూర్యకళ, "ఒలే, నా మాట నన్ను మింగనియ్యే ముందర" అని మొత్తుకునేది. ఇప్పుడు ఆగడం వచ్చేసింది. జనవరిలో పోటీలున్నాయి.

ఫిబ్రవరి సంగతి అప్పుడు చూద్దాం. నీకు మనుషులున్నారు కదా.

గౌరీశ్వరి


ఉక్కునగరం
నవంబరు, బాలల దినోత్సవం అయ్యాక

కుమారి గౌరీశ్వరి గారికి,

తమరు కొత్త జట్టులో చేరినందుకు శుభాకాంక్షలు. ఫిబ్రవరి సంగతి అప్పుడు చూద్దామని రాశారు. సంతకం చేసి ఇచ్చిన కాగితం ఒకటి నా దగ్గరుంది, అందులో అలా లేదు. అయినా పర్వాలేదు.

బాలల దినోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. క్లబ్బులన్నీ తలా ఒక ప్రదర్శన ఇచ్చాయి. గణితం వాళ్ళు ఎక్కాల పాట పాడారు. సైన్సు వాళ్ళ అగ్నిపర్వతం పొంగలేదు, తర్వాత అందరూ వెళ్ళిపోయాక పొంగింది. మేము కాసేపు దోమరాణి చెప్పాం. మధ్యలో కాసులమ్మకి వెక్కిళ్ళు వచ్చాయి. వెక్కిళ్ళతోనే వంత పాడింది చూడు, జనం పడీ పడీ నవ్వారు. "ఓలప్పా, ఆ దోమరాణి నా గొంతులో దూరిపోనాది!" అని అక్కడికక్కడే మాట కలిపింది. అలాంటివి దానికి భలే వస్తాయి. నీలాగ ఇంట్లో అద్దం ముందు నేర్చుకుని రానక్కర్లేదు.

ఇప్పుడు కుడివైపుకి కూడా ఒకరిని చూస్తున్నాం. కాబట్టి నువ్వు పోటీల్లో తీరిక లేక రాలేకపోతే దిగులు పెట్టుకోకు. కథ ఆగదు.

మీ క్వార్టరు ముందు గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఈమధ్య అటు వెళ్ళడం లేదు.

ఇట్లు,
రోజారమణి, తొమ్మిదో తరగతి


ఎలమంచిలి
జనవరి ఆఖరి వారం

ఒసే రోజా,

నీకు బుద్ధుందా? వార్డెన్ గారూ, క్షమించండి, ఈ ఉత్తరంలో తిట్లు ఉంటాయి.

పోటీలు మా హాస్టల్లోనే జరిగాయి. ఆరేడు బళ్ళ నుంచి క్లబ్బులు వచ్చాయి. బయటి నుంచి తెచ్చిన జడ్జీల్లో ఒకరు రైలు దిగి గొడుగు ఊపుకుంటూ గేట్లోకి వస్తున్నారు, చూస్తే మన మాస్టారు! పరిగెత్తుకెళ్ళి కాళ్ళకి దండం పెట్టాను. నన్ను చూసి ఎంత సంబరపడ్డారో. క్షేమసమాచారాలు అయ్యాక నేనే అడిగాను, కొంచెం కడుపుమంటతోనే, "కాసులమ్మ ఎలా వాయిస్తోంది మాస్టారూ?" అని.

"ఏ కాసులమ్మ?" అన్నారు.

"అదే, కంచరపాలెం నుంచి వచ్చింది కదా, రోజాకి వంత."

మాస్టారు మొదట నవ్వారు. "మన బళ్ళో అలాంటి పిల్ల ఎవరూ నేదమ్మా" అన్నారు. నేను నీ ఉత్తరాల సంగతి చెప్పాను, వెక్కిళ్ళ సంగతి కూడా. వింటూ వింటూ ఆయన నవ్వడం ఆపేశారు. అప్పుడు చెప్పారు. ఉదయ్ వెళ్ళిపోయాక నిన్ను ఎకో క్లబ్బులో వేసేశారటగా. బాలల దినోత్సవం నాడు నువ్వు కథ చెప్పనే లేదటగా, తోటకూర మడి దగ్గర నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడ్డావటగా. శనివారం బడి వదిలాక మాత్రం స్టోరుగది తాళం అడిగి తీసుకుని, లోపల ఒక్కదానివే తంబురా మీటుకుంటూ కూర్చుంటావట. "నాను ఎల్లి కూకుంటే ఆపేస్తది. అందుకని వరండాలోంచి ఇని ఎల్లిపోతాను" అన్నారు మాస్టారు.

ఎందుకు చేశావే అలా? లేని మనిషిని పుట్టించి, దాంతో అన్నం తినిపించి, నా మీద గెలిపించి! ఆ కాసులమ్మ మీద నేను ఎంత ఏడ్చానో తెలుసా? దాని మీద కోపంతోనే సూర్యకళ జట్టులో చేరాను. నీకు మనుషులున్నారు, నా అవసరం లేదు అనుకున్నాను. ఒక్కదానివే ఉన్నానని ఒక్క ముక్క రాస్తే, నేను నడిచైనా వచ్చేదాన్ని.

మాకు రెండో బహుమతి వచ్చింది. స్టీలు గిన్నె. అది చేతిలో పట్టుకుని స్టేజీ దిగుతూ నీ గురించే ఏడుస్తుంటే, బహుమతి వచ్చిన ఆనందం అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

నేను వస్తున్నాను. మాస్టారు వార్డెన్ గారితో మాట్లాడారు, నాన్న తీసుకొస్తానన్నారు. అదే వారంలో మా జట్టుకి ఇక్కడ ఊళ్ళో ఒక ప్రోగ్రాం ఉంది. భయపడుతూ సూర్యకళకి చెప్పాను. అది ముందు లేచి దుప్పటి దులిపి పరుచుకుంది. తర్వాత, "ఎల్లు. ఆ గుంట ఒక్కర్తీ ఉంది కదేటి. మేం ఇద్దరం ఉన్నాం, ఏటో ఒకటి సేసుకుంటాం" అంది. అని అటు తిరిగి పడుకుంది.

నీ గౌరి


ఉక్కునగరం
ఫిబ్రవరి మొదట్లో

గౌరీ,

కాసులమ్మ మా సెక్టారుకి చేపలు తెచ్చే ఆవిడ పేరు. ఆ రోజు ఉత్తరం రాస్తుంటే వీధిలో కేక వినపడింది, అలా వచ్చేసింది. మిగతాదంతా నేను అనుకోకుండానే పెరిగిపోయింది. నీకు అసూయ పుడితే ఇంకా గట్టిగా వస్తావనుకున్నాను. అది నిన్ను అటు తోస్తుందని అనుకోలేదు. మాస్టారికి మొహం చూపించలేకపోతున్నాను.

ఇంకేమీ రాయను. నువ్వు వస్తున్నావు, అది చాలు. మాస్టారు హెడ్మిస్ట్రెస్ గారితో పోట్లాడి పిల్లల డాన్సులు అయ్యాక మనకి పది నిమిషాలు ఇప్పించారు. ఇద్దరితో బుర్రకథ ఏమిటని ఆవిడ అంటే, "ఆళ్ళిద్దరూ సాలు. మూడో ఆడు తాళమే" అన్నారట.

కథ మొత్తం నీకు వచ్చు కాబట్టి పాఠం రాసి పంపడం లేదు. రిహార్సలుకి సమయం ఉండదు, నువ్వు వచ్చేది ఆ మధ్యాహ్నమే కదా. పాత పద్ధతే. నా చివరి అక్షరం మీద అందుకో.

అమ్మ నీకు ఇష్టమని ఉల్లిగారెలు చేస్తానంది. త్వరగా రా.

నీ రోజా


ఎలమంచిలి
ఫిబ్రవరి, వార్షికోత్సవం అయిన వారానికి

రోజా,

నాకు ఉత్తరం రాయాలంటే భయంగా ఉంది. నువ్వు రాస్తావేమోనని చూశాను. రాలేదు.

కూర్మన్నపాలెం జంక్షన్‌లో నేను బస్సు ఎక్కేదాకా నువ్వు నాతో మామూలుగానే మాట్లాడావు. గారెలు పొట్లం కట్టి ఇచ్చావు, సూర్యకళకి కూడా ఇవ్వమన్నావు. స్టేజీ గురించి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

నేను కావాలని చెయ్యలేదే. నువ్వు "ముత్యాల కొలువు తీరి" అన్నావు. నాకు తెలుసు, అక్కడే పడాలి. తెలిసి కూడా నా చెయ్యి ఆగింది. అది ఒక తాళం ఆగి గాని లేవలేదు. ఈలోపు నువ్వు తర్వాతి మాటలోకి వెళ్ళిపోయావు. నా "తందాన" నీ మాట మీద పడింది. రెండోసారి తొందరపడ్డాను, అప్పుడు నువ్వు నా కోసం ఆగావు. ఇద్దరం ఆగిపోయాం. ముందు వరసలో చిన్నపిల్లలు నవ్వారు, హాస్యం అనుకున్నారు పాపం. నా కూలర్ మాట వచ్చేసరికి ఎక్కడ అందుకోవాలో నాకు తెలియలేదు. నువ్వే అటు తిరిగి నా మాట కూడా చెప్పేశావు. అక్కడి నుంచి ఆఖరుదాకా అన్నీ నువ్వే చెప్పావు. నా మెడలో గుమ్మెట ఉంది, చేతులు దాని మీద ఉన్నాయి, నేను వాయించలేదు.

చప్పట్లు బాగానే కొట్టారు. హెడ్మిస్ట్రెస్ గారు నా భుజం తట్టి, "పాపం దూరం నుంచి వచ్చావు" అన్నారు. ఆ పాపం అన్న మాట నాకు ఇంకా వినపడుతోంది.

ఇక్కడికి వచ్చాక సూర్యకళ పక్కన నిలబడితే నా చెయ్యి చక్కగా వాయించింది. అప్పుడు మాత్రం నా మీద నాకే అసహ్యం వేసింది. నీ చివరి అక్షరం నాకు ఎప్పుడు పోయింది? ఎవరూ లాక్కోలేదు, నేను పారెయ్యలేదు. ఉందనే అనుకుంటూ వచ్చాను.

కోపమైతే కోపమని రాయి. ఏదో ఒకటి రాయి.

గౌరి


ఉక్కునగరం
మార్చి

గౌరీ,

నీ మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాకపోయేసరికి ఏం రాయాలో తెలియలేదు, అందుకే ఆలస్యం.

తప్పంతా నీదేనని రాశావు. కాదు. నేను అన్ని నెలలు స్టోరుగదిలో ఏం చేశానో మాస్టారు వరండాలోంచి సగమే విన్నారు. నేను నా మాట చెప్పి, వెంటనే తల అటు తిప్పి వంత మాట కూడా నేనే చెప్పుకునేదాన్ని. కాసులమ్మ గొంతుతో. మొదట సరదాకి. తర్వాత అదే అలవాటైపోయింది. నా మాటకీ దాని మాటకీ మధ్య ఊపిరి పట్టేంత సందు కూడా ఉండేది కాదు. ఆ రోజు స్టేజీ మీద నువ్వు ఆగావు, నిజమే. కానీ నేను నీకు చోటు వదల్లేదు. నువ్వు పాత పద్ధతిలోనే అందుకుని ఉన్నా నా తర్వాతి మాట మీదే పడేదానివి. ఇద్దరం వేరు వేరు చోట్ల వేరు వేరు మనుషులతో నేర్చుకున్నాం. నీ మనిషి ఉంది, నా మనిషి లేదు. అంతే తేడా.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. నీ హాస్యం నేను చెప్పేస్తున్నప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. అంత ఒంటరిగా నేను ఏ శనివారమూ లేను. స్టోరుగదిలో కూడా లేను. అక్కడ నువ్వు వస్తావని ఉండేది.

మాస్టారు మాత్రం తేలిగ్గా తీసుకున్నారు. "ఒక నెల్లాళ్ళు కూకుని వాయించుకుంటే సర్దుకుంటాదమ్మా, దానికేటి" అన్నారు. నిజమే, సర్దుకుంటుంది. మనకి ఆ నెల ఎవరిస్తారు? నీకు పరీక్షలు, నాకు పరీక్షలు. పోయిన శనివారం క్లబ్బుల సామాన్లన్నీ లెక్క చూసి, మమ్మల్ని కలపబోయే పెద్దబడికి పంపేశారు. సైన్సు వాళ్ళ సూక్ష్మదర్శిని, ఎకో వాళ్ళ పలుగులు, మన తంబురా, రెండు గుమ్మెటలు. వ్యానులో పలుగుల పక్కన తంబురా పెడుతుంటే మాస్టారు దిగి మళ్ళీ తీసి, తన కండువా చుట్టి పెట్టారు. ఆయనకి ఈ జూన్‌తో రిటైర్మెంటు. జూన్ నుంచి నేను ఆ బడికే వెళతాను. అక్కడ ఎకో, సైన్సు, గణితం, అన్నీ ఉన్నాయట. బుర్రకథ లేదట.

నువ్వు బస్సెక్కి వెళ్ళాక జంక్షన్ నుంచి ఇంటికి ఒక్కదాన్నే నడిచి వచ్చాను. దారంతా ఒకటే అనుకున్నాను. జులై నుంచి నీకు రాసిన ఉత్తరాల్లో రమ్మన్న ప్రతిసారీ నిన్ను వంత కోసమే పిలిచాను. నా కోసం రమ్మని ఒక్కసారి కూడా రాయలేదు. అలా అడిగితే నువ్వు రావేమో, వంతంటే మాత్రం వస్తావు అనుకున్నాను. అందుకే వంతగా వచ్చావు, వంతగానే వెళ్ళిపోయావు. బంగారంలాంటి మధ్యాహ్నం మనం మన కబురు ఒక్కటీ చెప్పుకోలేదు.

సూర్యకళ పక్కన నువ్వు మంచి వంతవని మాస్టారు నాతో చెప్పారు. తనతోనే ఉండు, తన దగ్గర వచ్చిన తాళం చెడగొట్టుకోకు. పోటీలకి వెళ్ళు. నేను నిజంగానే చెబుతున్నాను, కాసులమ్మ ఉత్తరంలో లాగ కాదు.

ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మీ నాన్నని అడిగి రా. గుమ్మెట తేవద్దు. ఇక్కడ నీతో నాకు ఏ పనీ లేదు. ఊరికే రా.

రోజా